సాంబాడ్రోమ్‌ని టూరిస్టు షో అని కొట్టిపారేయకండి

రియో డి జనీరో కార్నివాల్‌కి వెళ్తున్నామని ఎవరితో అన్నా వచ్చే సలహా ఒక్కటే. సాంబాడ్రోమ్‌లో (సాంబా బృందాలు పోటీపడి ఊరేగే గ్యాలరీల స్టేడియం అది) టికెట్ కొని డబ్బు తగలేయకండి, అది టూరిస్టుల కోసం పెట్టిన షో, అసలు కార్నివాల్ అంతా వీధుల్లోనే ఉంటుంది, పైగా ఉచితం. వెళ్లొచ్చినవాళ్లు ఇదే చెబుతారు, ట్రావెల్ వీడియోలు చేసేవాళ్లూ ఇదే చెబుతారు. ఆఖరికి మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో పక్క గది కుర్రాళ్లు కూడా మొదటి పూటే ఇదే చెప్పేశారు. నాతో వచ్చిన స్నేహితుడికి ఈ మాట బాగా నచ్చింది. "గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి ఇదేమైనా క్రికెట్ మ్యాచా?" అని వాడి వాదన.

నేను దీనికి అస్సలు ఒప్పుకోను. రియోలో టూరిస్టుకి అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది వీధి కార్నివాలే. ఆ ఊరి పేదవాళ్లు తమ గురించి, తమ దేశం గురించి ఏం చెప్పదలుచుకున్నారో వినాలంటే మాత్రం ఆ సిమెంటు మెట్ల మీద ఒక రాత్రంతా కూర్చోవాలి. కాళ్లు పీకుతాయి, నిద్ర ఉండదు, సగం విషయాలు అర్థం కావు. అయినా సరే.

వీధిని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ముందు దాని సంగతే చెప్తాను. అక్కడ బ్లోకో అంటే ఒక బ్యాండు, దాని వెనక నడిచే జనం. అంతకంటే రూలేమీ లేదు. మేం వెళ్లింది 2025లో. ఆ ఏడు కార్నివాల్ శనివారం సరిగ్గా మార్చి 1న వచ్చింది. 1565లో రియో నగరం పుట్టిన తేదీ కూడా అదే కాబట్టి ఊరి పుట్టినరోజూ పండగా ఒకేసారి. ఆ పొద్దున సిటీ సెంటర్లో కొర్దావో ద బోలా ప్రెతా బయల్దేరింది. 1918 నాటి బ్లోకో అది. తెల్ల బట్టల మీద నల్ల చుక్కలు దాని గుర్తు. ముసలి దంపతుల దగ్గర్నుంచి భుజాల మీద కూర్చున్న పసిపిల్లల దాకా అందరి ఒంటి మీదా అవే చుక్కలు. సాంటా టెరెజా కొండ మీద కార్మెలిటాస్ అని ఇంకోటి ఉంది. అక్కడి కాన్వెంటులో ఒక సన్యాసిని శుక్రవారం గోడ దూకి కార్నివాల్‌కి వచ్చేసిందట, మంగళవారం మళ్లీ గోడ దూకి లోపలికి వెళ్లిపోతుందట. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా అందరూ నన్‌ల ముసుగులు వేసుకుని ఊరేగుతారు. గడ్డాలు పెంచిన మగవాళ్లు కూడా. ఇంత చక్కటి అల్లరి ఇంకో ఊళ్లో నేను చూడలేదు.

అయితే బీచ్‌ల వైపు జరిగే బ్లోకోల్లో కాసేపు నిలబడి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. నా చుట్టూ ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచి వినబడుతున్నాయి. గంతులేసేవాళ్లలో ఎక్కువమంది మాలాంటి టూరిస్టులో, ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండే చదువుకున్న కుర్రకారో. మరి కొండల మీది బస్తీల వాళ్లు ఏరి? వాళ్లూ ఉన్నారు. ఐస్‌పెట్టె మోస్తూ బీరు అమ్ముతున్నారు. మనం తాగి పడేసిన డబ్బాలు సంచుల్లోకి ఏరుకుంటున్నారు. వీధి అందరిదీ అని గట్టిగా చెప్పేవాళ్లు, ఆ వీధిలో ఎవరు ఆడుతున్నారో ఎవరు పని చేస్తున్నారో కూడా చూడాలి కదా.

మిగతా సైట్‌సీయింగ్ గురించి పెద్దగా రాయను. కోర్కోవాదో కొండ మీద 1931 నాటి క్రీస్తు విగ్రహం చూశాం. విగ్రహమే 30 మీటర్లు, కింద దిమ్మె ఇంకో 8 మీటర్లు. పళ్ల పట్టాల రైల్లో అడవిలోంచి పైకి వెళ్లడం విగ్రహం కంటే బాగుంది. పైన మాత్రం చేతులు చాచి ఫొటోలు దిగేవాళ్ల మధ్య నిలబడే చోటే లేదు. షుగర్‌లోఫ్ కొండకి సాయంత్రం కేబుల్ కారులో వెళ్లండి, చీకటి పడ్డాక దిగండి. ఇంతకు మించిన సలహా నా దగ్గర లేదు. రంగు రంగుల టైల్స్ అతికించిన సెలరోన్ మెట్లకి పొద్దున్నే వెళ్లకపోతే మెట్లు కనబడవు, మనుషులే కనబడతారు.

టూర్ బస్సులు ఎక్కువసేపు ఆగని చోటు ఒకటుంది, దాని గురించి మాత్రం ఆగి చెప్పాలి. పాత ఓడరేవు పక్కన వలోంగో రేవు. చూడ్డానికి ఏమీ ఉండదు. రోడ్డు మట్టానికి కిందగా ఒక గుంట, అందులో ఎగుడుదిగుడు రాళ్లు పరిచిన నేల. 1811లో కట్టిన ఈ రేవు ప్రాంతంలో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల్ని దించేవారు. అలా దిగినవాళ్లు దాదాపు 9 లక్షల మంది ఉంటారని అంచనా. తర్వాత 1843లో ఒక రాకుమారి పెళ్లికూతురిగా ఓడ దిగబోతోందని ఆ రాళ్ల మీదే కొత్త రేవు కట్టి పాతదాన్ని మూసేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్నీ మట్టితో పూడ్చేశారు. ఒలింపిక్స్ కోసం ఓడరేవు ప్రాంతాన్ని బాగుచేస్తూ తవ్వినప్పుడు, 2011లో మళ్లీ బయటపడింది. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కాస్త దూరంలో ఒక ఇంటివాళ్లు 1996లో రిపేర్లు చేయిస్తుంటే నేలలోంచి మనిషి ఎముకలు బయటికొచ్చాయి. ఓడ దిగగానే చచ్చిపోయినవాళ్లని పాతిపెట్టిన చోటు అది. ఇప్పుడక్కడ చిన్న మ్యూజియం ఉంది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అమెరికా ఖండాల్లో అన్ని దేశాలకంటే ఆఖర్న.

కార్నివాల్ గురించి చెప్తూ ఇదంతా ఎందుకంటే, సాంబా మొదలైంది ఈ చుట్టుపక్కలే. విముక్తి వచ్చాక బయియా రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన నల్లజాతి ఆడవాళ్ల ఇళ్లలో పూజలు, విందులు, పాటలు జరిగేవి. వాళ్లలో పేరు మోసిన పెద్దావిడ తియా సియాతా. సాంబా వాయించేవాళ్లని పోలీసులు పనీపాటా లేని పోకిరీలని పట్టుకుపోయే రోజుల్లో, ఆవిడ ఇంటి ముందుగదిలో మర్యాదస్తులు మెచ్చే సంగీతం వినబడేదట, పెరట్లో సాంబా సాగేదట. ఆ ఇల్లున్న ప్రాంతం పేరు ప్రాసా ఓన్జీ. సాంబా బృందాల తొలి పోటీ 1932లో అక్కడే జరిగింది, ఒక స్పోర్ట్స్ పత్రిక ఆధ్వర్యంలో. 1940లలో వెడల్పాటి కొత్త రోడ్డు వేయడానికి ఆ ప్రాంతాన్ని పడగొట్టేశారు. ఇప్పుడు ప్రాసా ఓన్జీ పేరుతో మెట్రో స్టేషన్ ఒకటి ఉంది. సాంబాడ్రోమ్‌కి వెళ్లేవాళ్లలో సగం మంది దిగేది అక్కడే.

అంటే టూరిస్టు షో అని మనం తిట్టిపోస్తున్న ఆ సిమెంటు కట్టడం, సాంబా పుట్టిన పేట పక్కనే ఉంది. దాన్ని డిజైన్ చేసింది బ్రెజిల్ ఆర్కిటెక్టు ఆస్కార్ నీమెయెర్. ఏటా గ్యాలరీలు కట్టడం, విప్పడం, ఆ కాంట్రాక్టులకి డబ్బు పోయడం ఆపాలని ప్రభుత్వం కొద్ది నెలల్లోనే కట్టించేసింది. 1984లో తెరిచారు. మిగతా ఏడాదంతా వాడుకోవడానికి గ్యాలరీల కింద బడి గదులు పెట్టారు. ఆ మొదటి ఏడాదే మంగేరా అనే సాంబా బృందం (ఇక్కడ వీటిని స్కూళ్లంటారు) పరేడ్ పూర్తిచేసి, చివర్న ఉన్న చౌక్‌లోంచి ఇళ్లకు పోకుండా గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ అదే దారిన వచ్చేసింది. జనం పిచ్చెక్కిపోయారు. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్కూల్ అంటే ఒక పేట క్లబ్బు అనుకోండి. మంగేరా 1928లో అదే పేరున్న కొండ మీది బస్తీలో పుట్టింది. ఆకుపచ్చ, గులాబి వాళ్ల రంగులు. పోర్తెలా 1923 నుంచి ఉంది, మదురేరా శివార్లలో, నీలం తెలుపు, అందరికంటే ఎక్కువగా 22 టైటిళ్లు. బేజా ఫ్లోర్ అయితే అసలు రియోదే కాదు, పక్కనున్న నిలోపొలిస్ ఊరిది. టూరిస్టు మ్యాపుల్లో ఇవేవీ ఉండవు. ప్రతి స్కూలూ ఏటా ఒక కథ ఎంచుకుంటుంది, దానికి పాట కట్టుకుంటుంది, మూడు వేల మంది దాకా ఆ పాటే పాడుతూ నడుస్తారు. వీళ్లలో పేటవాళ్లకు డ్రస్సు ఉచితం. కాకపోతే నెలల తరబడి రిహార్సల్స్‌కి రావాలి, పాట నోటికి రావాలి. డుమ్మా కొడితే డ్రస్సు లేదు.

కార్నివాల్‌కి కాస్త ముందే ఊళ్లో దిగాం కాబట్టి మంగేరా వాళ్ల హాల్లో ఒక రిహార్సల్ చూడగలిగాను. ఏడాదంతా హద్దూ అదుపూ లేని జాతర గురించి వింటూ వచ్చిన నాకు అక్కడ కనబడింది డ్రిల్లు. విజిల్ పట్టుకున్న ఒక పెద్దాయన ఒకే నాలుగు వరుసల్ని మళ్లీ మళ్లీ నడిపించాడు. ఎవరో నోరు కదపకుండా నడుస్తోందని ఆపి, పాడించి, మళ్లీ మొదట్నుంచీ. ఆ ఏడు వాళ్ల కథ రియోకి వచ్చిన బంటూ ప్రజల గురించి. వలోంగో రాళ్ల దగ్గర నేను ఫలకం మీద చదువుకున్న సంగతిని వీళ్లు ఆఫీసు నుంచి, హోటల్ డ్యూటీ నుంచి, వంటపని నుంచి వచ్చి రాత్రిళ్లు పాట కట్టి నేర్చుకుంటున్నారు. గైడ్ ఉద్యోగం ఇవ్వాల్సింది వీళ్లకే అనిపించింది.

2025 నుంచి అగ్రశ్రేణి పరేడ్‌ని మూడు రాత్రులు చేశారు, రాత్రికి నాలుగు స్కూళ్లు. నేను కొన్నది మంగళవారం టికెట్, సెక్టార్ 11లో. సెక్టార్ 9 నంబరు సీట్లతో టూరిస్టులకోసమే ఉంటుంది, అటు వెళ్లొద్దనే నా సలహా. 9కీ 11కీ మధ్య ఒక ఖాళీ జాగా ఉంది. బటేరియా, అంటే రెండొందల యాభై మందికి పైగా ఉండే డప్పుల దళం, సగం దారి దాటాక పరేడ్‌లోంచి పక్కకి తిరిగి ఆ జాగాలోకి వచ్చి నిలబడుతుంది. మిగతా స్కూలంతా తమ ముందు నుంచి వెళ్లేదాకా వాయిస్తూనే ఉండి, ఆఖర్న తోకలో కలుస్తుంది. అంత మంది ఒక్క దెబ్బ తప్పకుండా మలుపు తిరగడం చూడ్డానికే ఆ టికెట్ డబ్బు చెల్లు.

మొదట వచ్చింది మొసిదాది స్కూల్. పాట మధ్యలో డప్పులన్నీ ఒక్కసారిగా ఆపేసి జనం గొంతుల మీద పాటని నిలబెట్టి, మళ్లీ ఠక్కున అందుకునే విద్యని 1959లో కనిపెట్టింది వీళ్ల డప్పుల దళం నాయకుడు మెస్త్రి ఆంద్రే అని చెబుతారు. తర్వాత తుయుతి. 2018లో దేశాధ్యక్షుడి పట్టీ వేసుకున్న రక్తపిశాచిని రథం మీద నిలబెట్టి, బానిసత్వం నిజంగా పోయిందా అని అడిగిన స్కూల్ ఇది. ఈసారి పదహారో శతాబ్దంలో సాల్వదోర్ నగరంలో బానిసగా బతికిన షికా మనికొంగో కథ ఎత్తుకుంది. బ్రెజిల్ రికార్డుల్లో కనబడే తొలి ట్రాన్స్ మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఆమె కథ పాడుతూ ట్రాన్స్ మహిళలు రథాల మీద నిలబడి వెళ్తుంటే గ్యాలరీ లేచి నిలబడింది. ఏ మ్యూజియంలోనూ కనబడని కథ అర్ధరాత్రి దాటాక పాట రూపంలో వేలమందికి చేరింది. ఏ బ్లోకోలో జరుగుతుంది ఇది?

నా పక్కన నీలం చొక్కా వేసుకున్న పెద్దావిడ కూర్చుంది. మదురేరా మనిషి. ఇంటి నుంచి శాండ్‌విచ్‌లు తెచ్చుకుని, మొహమాటపడుతున్నా వినకుండా నాకూ ఒకటి పెట్టింది. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆవిడ అక్క బయానాల వరుసలో ఉందట. బయానాలంటే తియా సియాతా తరం ఆడవాళ్ల పేరు మీద ప్రతి స్కూల్లోనూ తప్పనిసరిగా ఉండే పెద్ద వయసు స్త్రీల దళం. గొడుగంత లంగాలు, పది కిలోలు దాటే బరువు. మోకాళ్ల నొప్పులని డాక్టరు వద్దన్నా అక్క వినలేదని ఈవిడ ఫిర్యాదు. "వచ్చే ఏడాది మానేస్తానంటుంది. పదేళ్లుగా ఇదే మాట."

తెల్లవారుజామున పోర్తెలా వచ్చింది. ముందు ఎప్పటిలాగే వాళ్ల గుర్తు డేగ. ఆ తర్వాత ఒక జంట: బట్లర్ లాంటి నడకతో మెస్త్రి సాలా అనే మగమనిషి, స్కూల్ జెండా పట్టుకుని తిరిగే పోర్తా బందేరా అనే ఆడమనిషి. మిగతా మూడు వేల మందీ సాంబా ఆడతారు, ఈ జంట మాత్రం ఆడకూడదు. ఆమె తిరుగుతున్నప్పుడు జెండా కర్రకు చుట్టుకోకూడదు, అతను ఆమెకు వీపు చూపకూడదు. జడ్జీలు అక్కడే మార్కులు కోస్తారు. జెండా ఒక్కసారి మెలిక పడబోయి మళ్లీ విచ్చుకుంది. నా చుట్టూ ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టడం నాకు తెలిసిపోయింది. ఆ ఏడు కథ గాయకుడు మిల్టన్ నాసిమెంటో గురించి. 82 ఏళ్ల ఆయనే స్వయంగా చివరి రథం మీద వచ్చాడు. పెద్దావిడ ఆయన్ని చూడలేదు. బయానాలు వెళ్తున్నప్పుడు లేచి అక్క పేరు అరిచిన గొంతు అప్పటికే పోయింది, కళ్లు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది.

ఇప్పుడు నా స్నేహితుడి వైపు వాదన. దాన్లో బలం లేకపోలేదు. ఈ స్కూళ్ల మీద డబ్బు పెట్టింది దశాబ్దాలపాటు జోగో దో బిషో నడిపే దొరలు. 1892లో జూకి జనాన్ని రప్పించడానికి ఒక బారన్ మొదలుపెట్టిన జంతువుల లాటరీ అది, తర్వాత చట్టవిరుద్ధమైన మహా వ్యాపారమైంది. పరేడ్ నడిపే లీగ్‌ని 1984లో స్థాపించినవాళ్లలో ఈ దొరలే ముఖ్యులు. 1993లో వాళ్లలో 14 మందికి ఒక మహిళా జడ్జి జైలుశిక్ష వేసింది. ఇక కమరోచి అని పిలిచే ప్రైవేటు బాక్సులు. కిందినుంచి స్కూల్ వెళ్తుంటే పైన డీజే పెట్టుకుని వీపు తిప్పి తాగేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండింది. మెట్ల మీద కూర్చునే టికెట్ కూడా కొండ మీద ఉండే కుటుంబానికి తేలికేం కాదు. 12, 13 సెక్టార్లు చవక, కానీ పరేడ్ చిట్టచివర్న ఉంటాయి.

ఇవన్నీ నిజమే. కానీ డబ్బు ఎవరిదైనా మాట ఎవరిదన్నది వేరే లెక్క. 1989లో బేజా ఫ్లోర్ కళాదర్శకుడు జొవాజిన్యో త్రింతా చెత్త గురించి, బిచ్చగాళ్ల గురించి కథ కట్టి, బిచ్చగాడి రూపంలో క్రీస్తు విగ్రహం చేయించాడు. చర్చి పెద్దలు కోర్టుకెళ్లి ఆపించారు. స్కూల్ ఆ విగ్రహాన్ని నల్ల ప్లాస్టిక్ కవర్లతో చుట్టేసి, "నిషేధించినా సరే, మమ్మల్ని చల్లగా చూడు" అని బ్యానర్ కట్టి రోడ్డెక్కించింది. పాయింట్లు సమానమై, టైబ్రేక్‌లో టైటిల్ పోయింది. అయితేనేం, ఆ ఏడు గెలిచింది ఎవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. 2019లో మంగేరా పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని వీరుల కథ పాడింది. అంతకు ముందు ఏడాది హత్యకు గురైన కౌన్సిలర్ మారియెల్ ఫ్రాంకో పేరు ఆ పాటలో ఉంది. చివర్న జాతీయ జెండాని తమ ఆకుపచ్చ, గులాబి రంగుల్లో ఎత్తి, దాని మీద నినాదం చెరిపేసి ఆదివాసులు, నల్లవాళ్లు, పేదలు అని రాసుకొచ్చారు. టైటిల్ వాళ్లదే. స్పాన్సరు కోసమో టూరిస్టు కోసమో అల్లే కథ ఇలా ఉండదు.

టూరిస్టుకి ఇంకో వల కూడా ఉంది, డ్రస్సు కొనుక్కుని పరేడ్‌లో నడవడం. డబ్బు కడితే కొన్ని స్కూళ్లు విదేశీయుల్నీ చేర్చుకుంటాయి. పాట రాకుండా నడిచేవాళ్ల వల్ల వరుస చెడితే, నోళ్లు కదలకపోతే, పోయేది స్కూల్ మార్కులు. పోర్చుగీసులో పాట మొత్తం నేర్చుకునే ఓపిక ఉంటే నడవండి, లేకపోతే మెట్ల మీదే కూర్చోండి.

మార్కుల సంగతి మామూలుది కాదు. తొమ్మిది అంశాలు, 9 నుంచి 10 మధ్య పదోవంతుల్లో మార్కులు. కార్నివాల్ ముగిసిన మర్నాడు, బూడిద బుధవారం మధ్యాహ్నం, ఒక్కో అంకె టీవీలో చదువుతుంటే ఊరు ఊరంతా బార్లలో నిలబడి చూస్తుంది. 2025లో గెలిచింది బేజా ఫ్లోర్, యాభై ఏళ్లుగా వాళ్ల పాట పాడిన నెగిన్యోకి అదే ఆఖరి పరేడ్. ఆఖర్న నిలిచిన స్కూల్ కింది శ్రేణికి పడిపోయింది. మా గెస్ట్‌హౌస్ కింద బార్లో ఆ మార్కుల మీద రాత్రిదాకా గొడవ.

వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు. బేసి సెక్టార్లకు మెట్రోలో సెంట్రల్‌లో, సరి సెక్టార్లకు ప్రాసా ఓన్జీలో దిగాలి. తప్పు వైపు దిగితే అటునుంచి ఇటు రావడానికి చాలా చుట్టు. టికెట్‌కి డబ్బు లేకపోతే కార్నివాల్ ముందు వారాంతాల్లో అదే సాంబాడ్రోమ్‌లో స్కూళ్లు ఉచితంగా రిహార్సల్ చేస్తాయి. రథాలుండవు గానీ డప్పులూ, పాటా, జనం అన్నీ ఉంటాయి. శివార్లలో కింది శ్రేణుల పరేడ్లు కూడా ఉచితమే. సెలవు సరిపోతే తర్వాతి శనివారం దాకా ఉండండి. ఆ రాత్రి మొదటి ఆరు స్కూళ్లు మళ్లీ వస్తాయి. మార్కుల టెన్షన్ ఉండదు కాబట్టి విజిల్ పెద్దాయనలు కూడా ఆడతారు.